శేషాచలం కొండల్లో మందుమొక్కల కోసం: మామండూరు, తలకోన, తిరుమల

శేషాచలం కొండలకు వచ్చేవారిలో చాలామంది దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని ఇంటిదారి పడతారు. మేము ఈసారి దర్శనమయ్యాక తిరుపతిలోనే ఆగి, ఆ కొండల్లో పుట్టే మందుమొక్కలను అవి పుట్టిన చోటే చూడాలని మామండూరు, తలకోన, తిరుమల మూడూ తిరిగాము. సుమారు 4,750 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం, పెరిత, తెల్ల కరక, మొగి, కొండసాంబ్రాణి వంటివి తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కొండలకూ వాటి పొరుగు కొండలకూ తప్ప సహజంగా ఇంకెక్కడా దాదాపుగా పెరగవు కాబట్టి, మొక్కల మీద ఆసక్తి ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు మన రాష్ట్రంలో లేదని నా అభిప్రాయం.

బసకు తిరుపతినే కేంద్రంగా పెట్టుకోవచ్చు గాని, తెల్లవారుజామున అడవిలో ఉండాలంటే అది కుదరదు. బస్టాండు దగ్గర మేము దిగిన ఒక ప్రైవేటు లాడ్జిలో వేడినీళ్లు ఆరు దాటితేగాని రాలేదు. రోజంతటికీ మాట్లాడుకున్న టాక్సీ డ్రైవరు మధ్యాహ్నం రెండు కాగానే తిరుగుముఖం పడదామని మొదలుపెట్టాడు. టాక్సీ మాట్లాడుకునేటప్పుడు గంటల లెక్క, కిలోమీటర్ల లెక్క రెండూ కాగితం మీద రాయించుకోవడం మంచిది.

మామండూరు తిరుపతి నుంచి కడపకు వెళ్లే దారిలో ఉంది. బ్రిటిషువారి కాలపు అటవీ బంగళా, దాని చుట్టూ కట్టిన కుటీరాలు, ముందుగా చెబితే వండిపెట్టే భోజనం ఇక్కడి సౌకర్యాలు. హంగులేమీ ఉండవు, నిశ్శబ్దం మాత్రం కావలసినంత ఉంటుంది. ఎర్రచందనాన్ని తీరిగ్గా చూడాలంటే ఇక్కడే చూడాలి. చెట్టు చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు: మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన నల్లటి బెరడు, మూడేసి ఆకుల రెమ్మలు, చుట్టూ పల్చటి రెక్క ఉన్న గుండ్రటి కాయలు. మట్టి కన్నా రాయి ఎక్కువగా ఉన్న ఎండునేలలో ఇది ఎంతో నెమ్మదిగా పెరుగుతుంది. దాని విలువంతా బెరడు లోపలి ఎర్రటి చేవలోనే ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ చెక్కను సానరాయి మీద అరగదీసి వాపులకు పట్టు వేసేవారు. ఐరోపావారు బట్టల అద్దకానికి కొనేవారు, జపానువారు దానితో వాయిద్యాలు చేసుకున్నారు. చేవ కావాలంటే చెట్టును నరకక తప్పదు. ముప్పులో ఉన్న మొక్కల, జంతువుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం కింద 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం నియంత్రణలో ఉన్నా దొంగ నరుకుడు ఆగలేదు. అందువల్లనే ఈ అడవిలో తనిఖీలు ఎక్కువ. అనుమతి లేని దారుల్లోకి వెళ్లాలని అనుకోకపోవడమే క్షేమం.

తలకోన వేరే లోకం. భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్లాలి. నేరుగా వెళ్లే బస్సులు తక్కువ కాబట్టి సొంత వాహనమో టాక్సీయో ఉండాలి. సుమారు 270 అడుగుల జలపాతం కోసం ఆదివారాల్లో జనం విరగబడతారు, వాళ్లతోపాటు ప్లాస్టిక్కూ మద్యం సీసాలూ వస్తాయి. మధ్యవారంలో వెళ్లి రాత్రి అక్కడే ఉంటేనే అడవి కనిపిస్తుంది. గదులు సాదాసీదాగా ఉంటాయి, ఫోను పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు, కోతుల భయానికి తలుపులు వేసుకునే ఉండాలి. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి జలపాతం వైపు నడిచే దారిలో, మనిషి నడుమంత లావున చెట్ల మీదుగా పాకిన గిల్లతీగను చూడకుండా రావద్దు.

నాకు తలకోనలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది మాత్రం బండల సందుల్లోంచి పాకిన, చూపుకు ఆనని మరో తీగ. కొందరు మారేడు కొమ్ములంటారు, కొందరు బర్రె సుగంధి అంటారు. రాయలసీమలో వేసవి పొడుగునా తాగే నన్నారి షర్బత్తుకు వేరు ఎక్కువగా దీనిదే. వేలెడు లావు ఎండు వేరును విరిచి వాసన చూస్తే వెనిల్లాను తలపించే తీపి ఘాటు ముక్కుకు తగులుతుంది, చేతికి అంటుకుని చాలాసేపు వదలదు. మధ్యలోని పుల్లను పారేసి పైతొక్కనే వాడతారు. వేరును తవ్వితే తీగ చచ్చిపోతుంది, విత్తనంతో తిరిగి పెంచడం అంత తేలిక కాదు. వేసవి గిరాకీ ఏటా పెరుగుతుంటే అడవిలో తీగ తరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఉసిరి, కరక్కాయ వేల ఏళ్లుగా వైద్యంలో ఉన్నా నిలిచాయంటే, ఏరుకునేది కాయనే గాని చెట్టును కాదు గనుకనే అని నాకు అనిపించింది.

తిరుమల కొండమీది రాతివాలుల్లో గడ్డి మధ్య కనిపించే పెరితది ఇంకా చిత్రమైన కథ. మదనకామాక్షి అని కూడా పిలిచే ఈ మొక్క ఈతచెట్టు పిల్లలా ఉంటుంది గాని, ఆ జాతికీ దీనికీ చుట్టరికం లేదు. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన కల్నల్ బెడ్డోమ్ పేరు దీని శాస్త్రీయ నామంలో (సైకస్ బెడ్డోమి) చేరింది. మగ మొక్క, ఆడ మొక్క వేరువేరు. బలానికి మంచిదని నాటువైద్యులు మగ మొక్క కంకిని కోసుకుపోతారు. ఆ కంకి పోతే పుప్పొడి ఉండదు, పుప్పొడి లేకపోతే ఆడ మొక్కకు గింజ పట్టదు. చెట్టు నిలిచే ఉన్నా సంతానం ఆగిపోతుందన్నమాట. మన దేశపు సైకస్ జాతుల్లో సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠినమైన రక్షణ కింద, ఉన్నది ఇదొక్కటే.

స్థానిక వైద్య సంప్రదాయాలను నిలబెట్టడానికి 1993లో బెంగుళూరులో మొదలైన ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. సంస్థ దక్షిణాది అటవీ శాఖలతో కలిసి, మందుమొక్కలను తోటల్లోకి తరలించకుండా పుట్టిన అడవిలోనే కాపాడే క్షేత్రాలను ఏర్పాటు చేయించింది. కుండీలో పెంచిన తులసినీ కలబందనూ చూపించి మందుమొక్కలంటే ఇవేననే ప్రదర్శన తోటల కన్నా ఆ పద్ధతే సరైనదని ఈ మూడు చోట్లూ చూశాక నాకు గట్టిగా అనిపించింది.

సమయం తక్కువగా ఉన్నవారు శ్రీవారి మెట్టు దారిలో పొద్దున్నే నడిస్తే చాలు. ఒక రాత్రే ఉండగలిగితే మామండూరు కన్నా తలకోనకు నా ఓటు. వానలు వెనకబడిన డిసెంబరు, జనవరి నెలలు మంచి కాలం. వేసవిలో తీగలు ఎండి గుర్తుపట్టడం కష్టమవుతుంది, కార్చిచ్చు భయమూ ఉంటుంది. మొక్కల పేర్లు తెలిసిన స్థానికుడిని వెంటబెట్టుకోకపోతే సగం చూడనట్టే. మాకు తోడు వచ్చిన యానాది పెద్దాయన అడుగడుగునా ఆగి చూపించకపోతే మారేడు తీగను మామూలు తీగ అనుకుని దాటిపోయేవాళ్లం. ఆయనకు రోజుకూలి కన్నా ఎక్కువే ఇవ్వండి. దారి పక్కన పోగులు పెట్టి అమ్మే అడవి వేర్లను కొనకండి, రక్షిత అడవిలోంచి ఆకైనా తెంపి తెచ్చుకోకండి. అది నేరం కిందికి వస్తుంది.