ట్యాంక్‌బండా, సుల్తాన్ బజారా: పెద్దల సాహితీ నడకకు ఏది మేలు?

అరవై దాటిన పదిహేను ఇరవై మందిని వెంటబెట్టుకొని, దారిలో అక్కడక్కడ ఆగి పద్యమో కథో చదువుకుంటూ హైదరాబాదులో నడవాలనుకునేవారికి రెండు దారులు తోస్తాయి. ఒకటి ట్యాంక్‌బండ్. రెండవది సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం నుంచి అఫ్జల్‌గంజ్ దాకా, కిలోమీటరు పైచిలుకు దూరం.

మోకాళ్ల సంగతి చూస్తే ట్యాంక్‌బండ్‌కే మొగ్గు. కట్ట మీద ఎత్తుపల్లాలు లేవు, కూర్చోవడానికి బల్లలున్నాయి, నీటి మీదుగా గాలి వీస్తుంది. 1986లో నెలకొల్పిన విగ్రహాలలో నన్నయ, పోతన, మొల్ల మొదలుకొని జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం వరకు ఉన్నారు గనుక ఎక్కడ ఆగాలో, ఎవరిని చదవాలో నిర్వాహకులు తలలు పట్టుకోనక్కరలేదు. చిక్కంతా చెవులతోనే. పోతన విగ్రహం ముందు ఒక పెద్దాయన గజేంద్రమోక్షంలోని పద్యం ఎత్తుకున్నారనుకోండి. రెండో పాదం వచ్చేసరికి సిటీ బస్సు హారన్ కొడుతూ పోతుంది. అయినా పద్యం ఆగదు. వినేవారిలో సగం మందికి అది బడినాటి నుంచి కంఠస్థమే గనుక మూడో పాదాన్ని వారే అందుకుంటారు. అదే చోట ఒక కథ చదివితే నాలుగు వాక్యాలైనా చెవిన పడవు. అందుచేత ట్యాంక్‌బండ్ పద్యానికే గాని వచనానికి పనికిరాదని నా అభిప్రాయం, ఆ పద్యానికైనా తెల్లవారుజామునే బయలుదేరాలి.

సుల్తాన్ బజారు దారికి లోపాలు తక్కువేమీ కావు. కాలిబాట ఎక్కడ మొదలై ఎక్కడ తోపుడుబండి కింద మాయమవుతుందో చెప్పలేము. చేతికర్ర ఉన్నవారికి పక్కన ఒక మనిషి తప్పనిసరి. సుల్తాన్ బజారు మెట్రో స్టేషనులో లిఫ్టు ఉండటం మాత్రం కొంత ఊరట. అయితే ఈ దారిలో చదవవలసినది చాలా ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల పూనికతో 1901లో ఈ గ్రంథాలయం వెలసినప్పుడు ఆ పేట పేరు రెసిడెన్సీ బజారు. నిజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా బ్రిటిష్ రెసిడెంటు పరిధిలోనిది కావడం వల్ల అక్కడ తెలుగువారికి కాస్త ఊపిరాడేది. ఆ మాట ఆ గదిలోనే కూర్చొని వినాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచిక నుంచి నాలుగు పుటలు చదివితే, అందులో చాలా పేర్లు ఎనభై ఏళ్లవారికి కూడా కొత్తగానే ఉంటాయి. తెలిసిన పద్యాన్ని కలిసి పాడుకోవడం ఒక సుఖం, తెలియనిదాన్ని చెవి ఒగ్గి వినడం మరొక సుఖం. రెండవదానికి కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం కావాలి. పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకొని కూర్చునే పిల్లలకు ఇబ్బంది కలగకుండా ఒక గది కోసం ముందే అనుమతి తీసుకోవాలి.

చివరి మజిలీగా అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఎంచుకోవచ్చు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో సుమారు నూటయాభై మంది ప్రాణాలు నిలిపిన చెట్టు అది. ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్న అంజద్ హైదరాబాదీ ఆ దుఃఖాన్ని ఉర్దూలో కవిత కట్టారు. గుంపులో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పాతతరంవారు ఒక్కరున్నా మూలం వారి చేత చదివించి, తెలుగు తాత్పర్యం మరొకరు చెప్పవచ్చు. రోగులుండే చోటు గనుక గొంతు తగ్గించి చదవాలి.

మొదటిసారి కలిసేవారికి, ఒకరికొకరు పరిచయం లేనివారికి ట్యాంక్‌బండ్ చాలు. నెలనెలా కలిసే బృందానికి సుల్తాన్ బజారే మేలని నేనంటాను. నడవలేనివారు గ్రంథాలయంలో చదువు విని, అక్కడి నుంచి ఆటోలో చింతచెట్టు దగ్గరికి ముందుగానే చేరుకోవచ్చు.