ఎండాకాలం ఏటి చేపకు ఏది మేలు: పారే పాయా, లోతు మడుగా?

ఏప్రిల్ వచ్చిందంటే చాలామంది అడిగే మాట ఇదే. నారాయణపురం ఆనకట్ట దిగువన నాగావళి చిక్కిపోయి ఇసుకలో సన్నటి పాయగా మిగులుతుంది కదా, ఆ పాయ ఆగకుండా పారితే చేప బతికేస్తుందా, లేక మడుగులు కూడా ఉండాలా అని.

పారే నీటికున్న పెద్ద గుణం ప్రాణవాయువు. నీరు వేడెక్కేకొద్దీ అది కరగడం తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది, 35 దగ్గర 7 మాత్రమే. అదే వేడికి చేప ఒంటికి కావలసిన ప్రాణవాయువేమో పెరుగుతుంది. రాళ్ల మీద దొర్లే నీరు ఆ లోటు కొంత పూడుస్తుంది. కొర్రమీను, మార్పు చేప పైకొచ్చి గాలి పీల్చుకుని గట్టెక్కుతాయి. పరిగెలకు ఆ వెసులుబాటు లేదు.

కానీ చెట్టు నీడ లేని ఇసుకలో జానెడు లోతు పాయకి మిట్టమధ్యాహ్నం వెళ్లి కాలు పెట్టి చూడండి, స్నానానికి కాచిన నీళ్లే. పైగా ఎగువన గేట్లు ఒక్కసారిగా దించేస్తే పక్క పాయల్లోకి ఎక్కిన చేపపిల్లలు ఇసుక మీద తన్నుకుంటాయి.

అందుకే నా ఓటు మడుగుకే, అదీ ఊట ఉన్న మడుగుకి. నడుం లోతులో నిలబడితే పైన వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా తగులుతుంది. ఇసుకలోంచి ఊరే నీరు ఎండతో పాటు వేడెక్కదు. మన చెలమ నీళ్లు మేలో కూడా చల్లగా ఉండేది అందుకే. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితా (ఐయూసీఎన్ రెడ్ లిస్ట్)లోకి చేరిన వాలుగ లాంటి పెద్ద చేపకు లోతు తప్పనిసరి. ఊట లేని మడుగు మాత్రం నమ్మకూడదు. నాచు పట్టిందంటే రాత్రంతా అదే ప్రాణవాయువు తినేస్తుంది, తెల్లారేసరికి చేపలు నోళ్లు పైకి పెట్టి కొట్టుకుంటాయి.

ఇసుక తవ్విన గుంతలూ లోతే కదా అంటారు. ఊటని నిలిపేది ఆ ఇసుకే. అది లారీలెక్కిపోయాక గుంతలో నిలిచేది మురుగే.

నాగావళి ఉపనది సువర్ణముఖి మీదున్న మడ్డువలస రిజర్వాయరు సంగతీ అడుగుతారు. నీటికి లోటుండదు, చేపా దొరుకుతుంది, కాకపోతే ఉరవడికి అలవాటుపడ్డ జాతులకు అది ఇల్లు కాదు.

ఉన్న కాసిన్ని నీళ్లనే రోజూ కొద్దికొద్దిగా వదిలి, మడుగుకీ మడుగుకీ మధ్య తడి తెగకుండా చూస్తే మంచిది. కొత్త నీటికి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపలకు ఆనకట్టే అడ్డమనేది వేరే గొడవ, దానికి మడుగూ పాయా రెండూ చాలవు.