ఐఎస్ఓ పెంచి తీయాలా, చీకటిగా తీసి ఎడిటింగ్‌లో లేపాలా?

కార్తీకం వచ్చిందంటే నాకు వచ్చే ప్రశ్న ఇదొక్కటే. "అన్నా, రాత్రి ఫోటోల్లో నాయిస్ రాకూడదంటే ఐఎస్ఓ ఎంత పెట్టాలి?" నాయిస్ అంటే ఫోటోలో ఇసక చల్లినట్టు కనబడే గరుకు, ఐఎస్ఓ అంటే కెమెరా లోపలి సెన్సర్ పట్టుకున్న వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. బెంగళూరులో మన తెలుగువాళ్లం నలుగురం కెమెరాలు తగిలించుకుని ఎక్కడ కలిసినా చివరికి తేలేది ఇక్కడే. ఇందులో రెండు పార్టీలున్నాయి. ఐఎస్ఓ 3200కో 6400కో పెంచి, అక్కడికక్కడే వెలుతురు సరిపోయేలా తీసెయ్యమంటుంది మొదటిది. 400 దాటనివ్వకు, నల్లగా వచ్చినా ఫర్వాలేదు, ఇంటికెళ్లి లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ (వెలుతురు) స్లైడర్ లాక్కో అంటుంది రెండోది. మూడేళ్లు నేను రెండో పార్టీ మనిషినే. కిందటేడు పరిషెలో, అంటే వేరుశనగల జాతరలో, ఫిరాయించాను.

బసవనగుడిలో కార్తీకమాసం చివరి సోమవారం జరిగే కడలెకాయి పరిషె సంగతి తెలిసిందే కదా. దొడ్డ బసవణ్ణ గుడి దారి పొడుగునా వేరుశనగ రాశులు, ఒక్కో రాశి మీద వేలాడే ఒక్కో బల్బు. ఒక రాశి వెనక కూర్చున్న పెద్దావిడ ముఖం మీద సగం వెలుగు, సగం నీడ. నా సోనీ ఏ7 త్రీతో, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/2 దగ్గర, సెకనులో వందో వంతు షటర్‌తో (వెలుగు పడనిచ్చే సమయం) రెండు ఫోటోలు తీశాను. మొదటిది ఐఎస్ఓ 3200, రెండోది 400. మిగతాదేమీ మార్చలేదు. పక్కనున్న తమ్ముడి పాత క్యానన్ 600డితోనూ అదే వరస. ఇంత తతంగం చూసి ఆవిడ అననే అన్నది, "ఏం నాయనా, ఒక్క ఫోటోకి ఇంతసేపా? చెనిక్కాయలు కొనేదుందా లేదా?" రెండు సేర్లు కొన్నాను.

ఇంటికొచ్చి 400లో తీసిన రెంటినీ మూడు స్టాప్‌లు లేపాం (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెండింతలు). సోనీలో తేడా కొద్దిగానే ఉంది, నీడల్లో కాస్త ఎక్కువ గరుకు. క్యానన్‌లో మాత్రం ఆవిడ ముదురు రంగు చీర మీద నిలువు చారలు తేలాయి, కొంగు మడతల్లో ఊదా, ఆకుపచ్చ మచ్చలు. అదే క్యానన్‌లో 3200 ఫోటోకి గరుకుంది గానీ చారలు లేవు. గరుకును కన్ను క్షమిస్తుంది, చారల్ని క్షమించదు.

ఎందుకలా? నాయిస్‌లో పెద్ద వాటా వెలుతురు తక్కువై వచ్చేదే. సెన్సర్ మీద పడే వెలుగు నాలుగింతలైతే గరుకుతో పోలిస్తే బొమ్మ బలం రెండింతలవుతుంది. వెలుగుని వేరుశనగ కాయలనుకుంటే, ఆవిడ చేతిలోని సేరులో కాయలెన్ని పడ్డాయో తేల్చేది షటరూ అపర్చరూ. ఐఎస్ఓ ఆ తర్వాతి లెక్క, దాన్ని తగ్గించినంత మాత్రాన సేరులోకి ఒక్క కాయ కూడా ఎక్కువ రాదు. మిగిలిన వాటా కెమెరా సర్క్యూట్లది. పాత క్యానన్లలో తక్కువ ఐఎస్ఓ దగ్గర ఈ సర్క్యూట్ల రొద ఎక్కువ. తర్వాత స్లైడర్ లాగితే బొమ్మతోపాటు అదీ లేస్తుంది. కెమెరాలోనే ఐఎస్ఓ పెంచితే ఆ రొద కలవకముందే సిగ్నల్ పెరుగుతుంది కాబట్టి దాని వాటా చిన్నదైపోతుంది. ఇప్పటి సెన్సర్లలో ఈ రొద బాగా తగ్గింది. ఏ7 త్రీలో 640 దగ్గర సెన్సర్ రెండో గేరు వేస్తుంది, అక్కణ్నుంచి రొద ఇంకా తగ్గుతుంది. 640లో తీసి రెండు స్టాప్‌ల పైచిలుకు లేపినా, నేరుగా 3200లో తీసినా దాదాపు ఒకటే. 400 ఆ గేరుకి ఇవతలే ఉండిపోయింది కాబట్టి ఆ కాస్త తేడా.

అయితే దాదాపు ఒకటే అయినప్పుడు ఏదైతేనేం అంటారా? నాకు అసలు తేల్చేది ఇక్కడుంది. ఐఎస్ఓ అంటే భయపడేవాడి చెయ్యి ఐఎస్ఓ దగ్గర ఆగదు. ఆటో ఐఎస్ఓకి 1600 హద్దు పెట్టి అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మనం పెడితే షటర్ కెమెరా చూసుకునే మోడ్) తిరుగుతాడు. చీకటి పడగానే కెమెరా షటర్‌ని సెకనులో పదిహేనో వంతుకి దించుకుంటుంది. కాయలు కొలిచే చెయ్యి అలుక్కుపోతుంది. లేదా స్క్రీన్ మీద నల్లగా కనబడిందని కంగారుపడి తానే షటర్ తగ్గిస్తాడు. నా హార్డ్ డిస్కులో మూడేళ్ల రాత్రి ఫోటోలు తిరగేస్తే గరుకు వల్ల పారేసినవి పది కూడా ఉండవు, చెయ్యి వణికి పోయినవి వందలు. నాయిస్‌ని ఎంతో కొంత కడగొచ్చు, వణుకుని కడిగే సబ్బు లేదు. పైగా నల్లటి ప్రివ్యూలో ఫోకస్ పడిందో లేదో, ఆవిడ కళ్లు మూసుకుందో లేదో ఏం కనబడుతుంది? అందుకే నా ఓటు ఐఎస్ఓ పెంచడానికే. మనుషులుంటే షటర్ వందో వంతు, అపర్చర్ ఎంత తెరుచుకుంటే అంత, ఆటో ఐఎస్ఓ హద్దు 12800.

వందో వంతే ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. షటర్ వందో వంతో యాభయ్యో వంతో అయితే చాలావరకు ఫోటోలో అడ్డగీతలు రావు. సైలెంట్ షటర్ వాడితే ఈ గీతలు మరీ ఎక్కువ, వాటిని చూసి నాయిస్ అనుకునేవాళ్లున్నారు.

రెండో పార్టీ గెలిచే చోటూ ఉంది. దీపాలు వెలిగించిన రాత్రి విధానసౌధ ముందు నిలబడండి. గోడల మీద లైట్లు, పైన నల్లటి ఆకాశం. ఐఎస్ఓ ఒక స్టాప్ పెంచిన కొద్దీ పైన ఒక స్టాప్ వెలుగు ఎగిరిపోతుంది, ఎగిరిన తెలుపులో రాతి చెక్కడం తిరిగి రాదు. కొత్త సెన్సరుంటే ఆ రెండో గేరు దగ్గర (ఏ7 త్రీలో 640) ఆగి, రా ఫైల్లో (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) నీడలు లేపుకోవడమే తెలివి. హిస్టోగ్రామ్‌లో (వెలుగునీడల పంపకం చూపే గ్రాఫు) ఎరుపు ఛానల్ విడిగా చూడండి, పసుపు దీపాల దగ్గర ముందు హద్దు దాటి తెగేది అదే. పరిషెలో మాత్రం బల్బు తెల్లగా పోతే పోనివ్వండి, బల్బుని చూడ్డానికి ఎవరొచ్చారు?

జేపెగ్‌లో (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలు) తీసేవాళ్లకి ఈ చర్చే లేదు. ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ రాలో 16,384. జేపెగ్‌ని మూడు స్టాప్‌లు లేపితే ఆకాశం మెట్లుమెట్లుగా విడిపోతుంది, చదరపు గళ్లు బయటపడతాయి.

ట్రైపాడ్, తక్కువ ఐఎస్ఓ, పది సెకన్లు: కదలని కట్టడానికి అన్నిటికన్నా ఇదే మేలు, పరిషె జనంలో కాలు పెట్టే చోటుంటే. ఫోన్ నైట్ మోడ్ చాలా ఫ్రేములు కలిపి గరుకు తగ్గిస్తుంది. 16 కలిపితే నాలుగో వంతుకి వస్తుంది, కదిలే మనుషుల దగ్గర ఆ లాభం ఉండదు.

ఇక ఏఐ డీనాయిస్, అంటే నాయిస్‌ని ఏఐతో తుడిచే పని. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చినప్పటినుంచి వాడుతున్నాను, రా ఫైల్ మీద నిజంగానే పనిచేస్తుంది. 3200 ఫోటో మీద దాని స్లైడర్ 30 దగ్గర ఆపాను, చర్మం చర్మంలాగే ఉంది. 400 నుంచి లేపిన క్యానన్ ఫైల్ మీద 70 దాకా వెళ్లాల్సొచ్చింది. ముఖం మైనపు బొమ్మయింది, వెనక అంగడి బోర్డు మీది కన్నడ అక్షరాలు ఏ భాషకూ చెందని వంకర్లయ్యాయి. లేనిదాన్ని అది ఊహించి గీస్తుంది మరి. వరస కూడా ముఖ్యమే. ముందు డీనాయిస్, తర్వాత నీడలు, అన్నిటికన్నా చివర షార్పెనింగ్ (పదును పెట్టడం), అదీ మాస్కింగ్ స్లైడర్ పెంచి అంచులకే. ఆకాశాన్ని షార్పెన్ చేస్తే గరుకునే మళ్లీ చెక్కినట్టు.

ఆ 3200 ఫోటోని 12 అంగుళాల ప్రింటు తీయించాను. స్క్రీన్ మీద వంద శాతం పెద్దది చేసి చూసి బాధపడ్డ గరుకు కాగితం మీద వెతికినా దొరకలేదు. ఈసారి పరిషెకి వెళ్లినప్పుడు ఆవిడకివ్వాలి. వందో వంతులో తీసింది కదా, సేరులోంచి జారుతున్న కాయలు గాల్లో ఉండగా ఒక్కొక్కటి లెక్కపెట్టుకోవచ్చు.