కతోలిక బడి తరగతిలో తైజే పాటలు: ఏవి పనికొస్తాయి, ఎక్కడ తేడా కొడుతుంది

పొద్దున ప్రార్థనకూ, మధ్యాహ్నం మగతగా కూర్చున్న తరగతిని లేపడానికీ ఒకే పాటల సంపుటి చాలాలంటే తైజే పాటలకు మించినవి మాకు కనిపించలేదు. అయితే ఒక షరతు ఉంది. వీటిని స్పీకర్‌లో పెట్టి వదిలేస్తే సగం ఫలితమే వస్తుంది. ఇవి వినడానికి కట్టిన పాటలు కావు, అందరూ కలిసి పాడటానికి కట్టినవి.

తైజే ఫ్రాన్స్‌లోని బర్గండీలో ఓ చిన్న ఊరు. 1940లో బ్రదర్ రోజే అక్కడ మొదలుపెట్టిన సమాజంలో కతోలికులూ ప్రొటెస్టెంట్లూ కలిసి సన్యాస జీవితం గడుపుతారు. అక్కడికి వచ్చే యువతకు ఉమ్మడి భాష ఉండదు, అయినా అందరూ కలిసి ప్రార్థించాలి. ఈ పాటలు ఆ అవసరంలోంచి పుట్టాయి. చాలావాటికి బాణీ కట్టింది జాక్ బెర్తియే (1923–1994). ఆయన పారిస్‌లోని సెయింట్ ఇగ్నేషియస్ గుడిలో ఆర్గన్ వాయించేవారు. ఒకటో రెండో వాక్యాలు, ఎక్కువగా బైబిల్లోవి. వాటినే తిప్పి తిప్పి పాడతారు. తరగతికి ఇవి ఇంతగా అతికేది అందుకే. అక్షరాలు ఇంకా కూడబలుక్కునే పిల్ల కూడా మూడో ఆవృతికి పాడేస్తుంది. చేతిలో కాగితం ఉండదు కాబట్టి తల నిటారుగా ఉంటుంది, గొంతు తెరుచుకుంటుంది.

ఇక లోపాలు. సంపుటిలో చాలా పాటలు మైనర్ స్కేల్‌లో, అంటే కాస్త విషాదంగా వినిపించే స్వరక్రమంలో, నింపాదిగా సాగుతాయి. మౌన ప్రార్థనకు అవి అద్భుతం. భోజనం తర్వాత మొదటి పీరియడ్‌లో పెడితే మాత్రం ఉన్న కాస్త హుషారూ పోతుంది. ఎంచుకునే ముందు పాట వింటూ గదిలో నడిచి చూడండి. అడుగులు మామూలు నడకలా, అంటే నిమిషానికి 90 నుంచి 110 దాకా పడితే అది లేపే పాట. అడుగు ఆగి ఆగి పడుతుంటే దాన్ని సాయంత్రం ప్రార్థనకు దాచుకోండి. ఉత్సాహపరిచేవి ఆరు, నిమ్మళపరిచేవి నాలుగు ఉంటే ఏడాదికి సరిపోతాయి. వారానికో కొత్త పాట మొదలుపెట్టే తరగతిలో పిల్లలకు ఏదీ నోటికి రాదు.

రికార్డింగుల్లో ఇంకో ఇబ్బంది, ప్రతిధ్వని. పెద్ద గుడిలో మోగే ధ్వనిని చిన్న స్పీకర్‌లో వింటే మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పాటలో లాటిన్ ముక్క ఉంటే అది సరిగా వినపడక పిల్లలు తోచిన మాట పెట్టుకుంటారు, తర్వాత దాన్ని మాన్పించడం కష్టం. అందుకే నేర్పేటప్పుడు రికార్డింగ్ వద్దు. తైజే సమాజం వెబ్‌సైట్‌లో సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే నాలుగు గొంతుల వరుసలను విడివిడిగా నేర్చుకునే ఆడియో ఉంది. అందులో భావం వెతక్కండి, స్వరం మాత్రం ఖచ్చితం. ఉపాధ్యాయుడు ముందు రోజు రాత్రి పది నిమిషాలు వింటే చాలు.

నేర్పడానికి మాకు సరైనదనిపించిన వరుస చెబుతాం. మొదట బోర్డు మీద మాటలు రాసి, రాగం లేకుండా తాళానికి పలికించండి. అర్థం ఒక్క వాక్యంలో చెప్పేయండి. తర్వాత రెండేసి బార్లు (తాళం ముక్కలు) మీరు పాడి, వాళ్లచేత పాడించండి. మొత్తం అతికాక బోర్డు తుడిచేయండి. చెవి పనిచేయడం అక్కడే మొదలవుతుంది. తొలి రోజు ఏకకంఠంగా అయిదారు ఆవృతులు మించొద్దు. కానన్‌గా, అంటే ఒక జట్టు మొదలుపెట్టిన కాసేపటికి రెండో జట్టు అదే రాగం ఎత్తుకునేలా, రెండు జట్లు చేసి పాడించడం మూడో రోజుకు ముందు వద్దు, ఎందుకంటే రాగం స్థిరపడని జట్టు పక్క జట్టు వైపు జారిపోతుంది.

మగ ఉపాధ్యాయులు పాడి నేర్పే తరగతుల్లో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. ఆయన గొంతు ఒక స్థాయి కింద ఉంటుంది. పిల్లలు దాన్నే అందుకోబోయి గొంతు కిందికి నొక్కి గొణుగుతారు. పిల్లలకు శ్రద్ధ లేదని అనుకుంటాం కానీ అక్కడ తప్పింది శ్రుతి. రాగం తెలిసిన ఒక విద్యార్థిచేత మొదటి వాక్యం ఎత్తుకోనివ్వండి, లేదా కీబోర్డు మీద మధ్య స్థాయి స్వరం ఇవ్వండి. తరగతి మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంటుంది.

ముగింపు కూడా నేర్పాలి. తిరిగి తిరిగి వచ్చే పాట ఎక్కడ ఆగాలో చెప్పకపోతే నలుగురు ఆగుతారు, ముప్పైమంది సాగుతారు, నవ్వులు మొదలవుతాయి. చివరి ఆవృతికి ముందు చెయ్యి పైకెత్తండి, ఆఖరి వాక్యం నెమ్మదించండి, తర్వాత పది పదిహేను సెకన్లు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం పాటలో భాగమే. అది అయ్యాకే పుస్తకాలు తెరవమనండి.

రాత, చదువు జరిగేటప్పుడు వెనక సన్నగా పెట్టొచ్చా? మాటలున్న పాట అయితే వద్దు. చదివే మాటలకు అది అడ్డుతగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో తరగతి వెనక శబ్దానికి పెట్టిన హద్దు 35 డెసిబెల్స్. ఏ సంగీతమైనా దాన్ని దాటేస్తుంది. సంగీతంతో తెలివి పెరుగుతుందని వాదించేవాళ్లు చూపే 1993 నాటి, మొజార్ట్ సంగీతం వినిపించిన ప్రయోగం జరిగింది 36 మంది కాలేజీ విద్యార్థుల మీద, అందులో తేలిన ప్రభావం ఉన్నది పది పదిహేను నిమిషాలే. ప్రార్థనకూ, పీరియడ్ల మధ్య మలుపుకూ, రోజు ముగింపుకూ పాట పెట్టండి. అంతవరకే.

రికార్డింగ్ తప్పనప్పుడు స్పీకర్‌ని టేబుల్ మీద కాకుండా పక్క గోడ అలమరలో, పిల్లల తల ఎత్తులో పెట్టండి. లేకపోతే ముందు వరుస చెవులు మూసుకుంటుంది, వెనక వరుసకు వినపడదు. పాటను ముందే డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి బ్లూటూత్ ఒక్కటీ ఆన్ చేయండి. ప్రార్థన మధ్యలో ప్రకటనో ఫోన్ కాలో వస్తే ఆ పూట మళ్లీ మనసు కుదరదు. ఆపేటప్పుడు టక్కున కట్ చేయకుండా అయిదారు సెకన్లలో ధ్వని తగ్గించండి.

మాటలకూ స్వరాలకూ కాపీరైట్ ఉంది. పాటల కాగితాలు ముద్రించి పంచాలంటే అనుమతి అడగాలి. బోర్డు మీద రాసి నేర్పడానికి ఇదీ ఒక కారణమే. తరగతి పిల్లలతో దివ్యబలిపూజ ఉన్న రోజు రికార్డింగ్ వాడాలనుకుంటే ముందుగా పూజ చేసే గురువును (ఫాదర్‌ని) అడగండి. పిల్లల పూజల గురించి 1973లో వచ్చిన నిర్దేశిక అలాంటి సంగీతాన్ని కొన్ని సందర్భాల్లో ఒప్పుకుంది కానీ ఆ ప్రాంత పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య నియమాలకు లోబడే.

కాలాన్ని కూడా చూసుకోవాలి. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణ దాకా పూజలో అల్లెలూయా పాడరు, తరగతిలోనూ దాన్ని పక్కన పెట్టడం మంచిది. అప్పుడే ఆ నెమ్మది పాటలు బయటికి తీయండి, మైనర్ స్కేల్ అప్పుడు లోపం కాదు. సెలవుల తర్వాత పాస్కా కాలంలో బడి తెరిచిన పొద్దున నడక తాళంలో అల్లెలూయా ఎత్తుకోండి. ఆ రోజు ఆవృతులు లెక్కపెట్టక్కర్లేదు.