సూది లేకుండా షుగర్ చూపించే వాచీలు కొనకండి, టైప్ వన్ పిల్లలకి అసలే వద్దు

"నొప్పి లేదు, సూది లేదు, స్ట్రిప్పుల ఖర్చు లేదు" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న షుగర్ వాచీల గురించి ఈ పోస్టు. మీ ఇంట్లో టైప్ వన్ షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వక, రోజూ బయటి నుంచి వేసుకోవాల్సిన రకం) ఉన్న పిల్లలుండి, వాళ్లు ఆటలాడేవాళ్లయితే దయచేసి పూర్తిగా చదవండి. మేము ఒకటి కొన్నాం. పోయిన డబ్బు సంగతి తర్వాత.

మా అమ్మాయి సాయంత్రాలు షటిల్ కోచింగ్‌కి వెళ్తుంది. ఆట మధ్యలో ఆగి, చేతులు కడుక్కుని, వేలు గుచ్చుకోవడం తనకి చిరాకు. తోటి పిల్లలు చూస్తుంటే ఇంకా చిరాకు. చర్మానికి అంటించే సెన్సర్లు మంచివే, కానీ రెండు వారాలకోసారి మార్చాలి, ఆ ఖర్చు నెలనెలా అందరి వల్లా కాదు. ఈ వాచీలు అమ్మేవాళ్లకి మన కష్టాలు రెండూ బాగా తెలుసు.

మొదట్లో బాగానే చూపించింది. అక్కడే ఉంది మోసమంతా. పరగడుపున గ్లూకోమీటర్ 118 అంటే వాచీ 112 అంది. అన్నం తిన్నాక కాస్త పెంచింది. యాప్ పెట్టుకునేటప్పుడే వయసు, బరువు, మామూలుగా షుగర్ ఎంత ఉంటుంది, ఎన్నింటికి తింటారు అని అన్నీ అడుగుతుంది లెండి. నాకు అర్థమైనంతలో వాటితోనే ఒక అంచనా కట్టి అంకె వేస్తుంది. కుదురుగా కూర్చున్న మనిషికి ఆ అంచనా చాలాసార్లు సరిపోతుంది కూడా. ఆ ఐదు స్టార్ల రివ్యూలు ఎలా వచ్చాయో ఇప్పుడు తెలుస్తోంది.

ఆటలో దిగాక ఆ అంచనా పనిచేయదు. కదులుతున్న కండరాలు ఇన్సులిన్ పెద్దగా లేకపోయినా రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటాయి. షుగర్ లేనివాళ్లకైతే ఆ టైములో ఒళ్లే ఇన్సులిన్ తగ్గించేసుకుంటుంది. మన పిల్లలకి సాయంత్రం టిఫిన్ ముందు వేసిన డోసు మూడు నాలుగు గంటలు పనిచేస్తూనే ఉంటుంది, వేశాక వెనక్కి తీయలేం. అందుకే 150తో కోర్టులోకి దిగిన పిల్ల అరగంటలో 70 కిందికి పోవచ్చు. మ్యాచ్ ఉన్న రోజు మళ్లీ అంతా తలకిందులు, టెన్షన్‌కి అడ్రినలిన్ పెరిగి షుగర్ పైకెక్కుతుంది.

ఆ సాయంత్రం మా అమ్మాయి తేలిక షాట్లు కూడా వదిలేస్తోంది. కోచ్ గారు ఏదో చెబితే విసుక్కుంది. తను విసుక్కుందంటే నాకు "లో", అంటే షుగర్ బాగా పడిపోవడం, గుర్తొస్తుంది. వాచీలో చూస్తే 109. మెడ మీద చెయ్యి వేస్తే చల్లటి చెమట, వేళ్లు వణుకుతున్నాయి. గ్లూకోమీటర్ తీసి గుచ్చితే 51. గ్లూకోజు పొడి మూడు చెంచాలు, అంటే ఓ 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించి పావుగంట ఆగి మళ్లీ చూశాం. (పక్కనున్నవాళ్లు చాక్లెట్ ఇవ్వబోయారు. అందులో కొవ్వు ఉండటంతో షుగర్ మెల్లగా ఎక్కుతుంది, లో అయినప్పుడు అంత టైము ఉండదు.) ఆ పావుగంటా వాచీ 109, 110, 109 అంటూనే ఉంది.

ఇంటికొచ్చి ఆ వాచీని సొరకాయకి చుట్టాను. ఆకుపచ్చ లైటు కాసేపు మిణుకుమిణుకుమని 106 చూపించింది. మా సొరకాయకి షుగర్ నార్మల్, సంతోషం.

మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. చర్మానికి గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, ఏ కంపెనీదైనా వాడొద్దని చెప్పింది. చేతికి అంటించుకున్న అసలు సెన్సర్ పంపే అంకెని చూపించే వాచీలు వేరు, వాటికి ఈ గొడవ లేదు. కాకపోతే ఆ సెన్సర్ కూడా రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది. షుగర్ వేగంగా పడుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. పిల్ల వాలకం ఒకటి, అంకె ఇంకొకటి అయితే వేలు గుచ్చి చూడాల్సిందే.

ఇప్పుడు ఆటకి ముందు, మధ్యలో, అయ్యాక గ్లూకోమీటరే. 90 కంటే తక్కువుంటే ముందు ఏదైనా తిని ఆడాలి, 250 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒళ్లు కొవ్వుని వాడుకోవడంతో రక్తంలో చేరే ఆమ్లాలు) చూసుకున్నాకే ఆట అని మా డాక్టరు గారు చెప్పారు. మీ పిల్లలకి ఎంతో మీ డాక్టర్ని అడగండి. బాగా ఆడిన రోజు రాత్రి నిద్రలో కూడా లో అవ్వచ్చు. ఈ వాచీని నమ్ముకుని పడుకుంటే అప్పుడు ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె ఝల్లుమంటోంది.

డబ్బు వెనక్కి ఇమ్మంటే, "పుస్తకంలో వైద్య పరికరం కాదు అని రాశాం కదండీ" అన్నాడు సెల్లర్. రాశాడు, చీమ తలకాయంత అక్షరాల్లో, చివరి పేజీలో. ప్రకటనలో మాత్రం తెల్లకోటు వేసుకున్నాయన స్ట్రిప్పుల డబ్బా చెత్తబుట్టలో పడేస్తుంటాడు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు ఇచ్చాం, ఇంకా తేలలేదు. మీరూ కొని ఉంటే ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, డబ్బా ఫొటో ఇప్పుడే తీసి పెట్టుకోండి. మేము ఫిర్యాదు చేశాక అదే వాచీ వేరే పేరుతో కనిపిస్తోంది, ఫొటో కూడా మార్చలేదు.