తొమ్మిదేళ్ల బారీ నాదస్వరం, దాని శ్రుతి గొడవలు

నాది తమిళనాడు నరసింగంపేటలో ఆచ్చా అనే గట్టి కర్రతో చేసిన బారీ, అంటే పొడవాటి రకం నాదస్వరం. రెండు శ్రుతి, అంటే దాని షడ్జం (స) హార్మోనియంలో రెండో తెల్లమెట్టు ఎత్తు. తొమ్మిదేళ్లుగా పెళ్లిళ్లు, గుడి సేవలు అన్నీ దీని మీదే. కర్రకు వంక పెట్టను. నన్ను ఏడిపించిందంతా పీకే, అంటే నోట్లో పెట్టి ఊదే జంట రేకుల ముక్క, తమిళులు సీవాళి అనేది.

మొదటి ఏడాది మాఘంలో తెల్లవారుజాము ముహూర్తం. ఆరుబయట పందిరి, మంచు. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఒక దారి, నా షడ్జం ఒక దారి. డోలు తమ్ముడు మెల్లగా "అన్నా, శ్రుతి దిగింది" అన్నాడు. పెదాలు బిగించి నెట్టుకొచ్చాను. దవడలు పీకేశాయి. తాళి కట్టే వేళకు గొట్టంలో గాలి వేడెక్కి శ్రుతి దానంతటదే పైకెక్కింది, నేనేమో ఇంకా బిగించే ఉన్నాను! ఇప్పుడు చలికాలమైతే పందిట్లోకి వెళ్లేముందే పది నిమిషాలు ఊది వేడెక్కిస్తాను.

అయినా చలి మీదే నెపం వేయలేం. ఇంకోసారి ఎంత ఊదినా స్వరం నిలవలేదు. పీక పట్టుకుని కదిపితే సన్నగా ఊగింది. అది తొడిగే లోహపు గొట్టం మీద చుట్టిన దారం అరిగిపోయింది, అక్కడ గాలి పోతోంది. కొత్త నూలు దారం చుట్టి బిగించగానే సరిపోయింది. అనుమానమొస్తే పీకను గొట్టంతో సహా బయటికి తీసి, కింది చివర వేలితో మూసి గాలి పీల్చండి. రెండు రేకులూ అతుక్కుని క్షణంపాటైనా అలాగే ఉండాలి. ఉండకపోతే గాలి పోతున్నట్టే.

కింది షడ్జం సరిగ్గా ఉండి పై షడ్జం దిగుతుంటే పీక మెత్తబడిందని అర్థం, మార్చేయండి. మొత్తం కాస్త కిందుంటే పీకను ఇంకొంచెం లోపలికి దించండి, పైనుంటే బయటికి లాగండి. నోరు మరీ తెరుచుకున్న పీక కూడా శ్రుతిని దించుతుంది. తడిపి, వేళ్ల మధ్య కాస్త నొక్కి చూడండి. గాంధారం ఒక్కటే తేడాగా ఉంటే మాత్రం పీకను తిట్టకండి, ముందు మీ వేలు చూసుకోండి. మన వాద్యంలో సగం స్వరస్థానాలు వేలి ఒరుపులోనే ఉన్నాయి కదా.

కొనేటప్పుడు మీ వాద్యం శ్రుతికే కోసిన పీకలు అరడజను అడిగి తీసుకోండి. నాకు కొట్లో అంటగట్టినవి రెండున్నర శ్రుతివి. ఆ సంగతి తెలియడానికి మూడు నెలలు పట్టింది.