కోడ్‌బర్గ్, ఫోర్జేయో: నాలుగేళ్లు వాడాక

నాలుగేళ్లుగా నా కోడంతా కోడ్‌బర్గ్‌లోనే ఉంది. ప్రోగ్రాముల కోడు దాచుకుని, నలుగురితో కలిసి దిద్దుకునే వెబ్‌సైటు అది. తెలుగు అక్షరదోషాలను పట్టే చిన్న ప్రోగ్రాము, దానికి ఆధారమైన పదపట్టిక. అంతకుముందు ఇవి ఒక కంపెనీ వేదికలో ఉండేవి. మా పని ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, దాన్ని దాచిన చోటు మాత్రం తాళం వేసిన ఇల్లు. అది నాకు నచ్చేది కాదు.

కోడు తరలించడం పెద్ద పని కాదు. కోడులో ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో ప్రతి క్లోనూ (నకలూ) పూర్తి చరిత్రను మోస్తుంది. అసలు చిక్కు ఇష్యూలతోనే, అంటే తప్పుల మీద, సూచనల మీద జరిగే చర్చలతోనే. అవి గిట్‌లో ఉండవు, వేదిక డేటాబేసులో ఉంటాయి. ‘వ్రాయు’ అని రాస్తే తప్పుగా చూపాలా, పాత రూపమని వదిలేయాలా అని మేము నెలలపాటు వాదించుకున్న చర్చ అక్కడే ఉంది. పట్టికలో ఒక మాట ఎందుకు ఉందో చెప్పేది ఆ చర్చే. పాత ఖాతా నుంచి టోకెన్ (అనుమతి సంకేతం) తీసుకుని, కోడ్‌బర్గ్ తరలింపు పేజీలో ఇష్యూలు, లేబుళ్లు, వికీ, విడుదలలు అన్నిటికీ టిక్కు పెట్టాను. ఇష్యూల సంఖ్యలు మారలేదు, వ్యాఖ్యల మీద రాసినవారి పేర్లు అలాగే ఉన్నాయి. ఆ చర్చ తెరిచి మొదటి వ్యాఖ్య నుంచి చివరిదాకా చదివాకే నా మనసు కుదుటపడింది. మెచ్చినవారు పెట్టిన నక్షత్రాలు మాత్రం రాలేదు, వాటి కోసం నేను బాధపడలేదు.

కోడ్‌బర్గ్‌ను నడిపేది బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంఘం. దాని అడుగున ఉన్న సాఫ్ట్‌వేర్ ఫోర్జేయో. 2022లో గిటీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ డొమైను (వెబ్ చిరునామా), ట్రేడ్‌మార్కు ఒక కంపెనీ చేతికి వెళ్లాయని తెలిశాక, ఆ ఏడాది చివర్లోనే కొందరు దాని నుంచి చీలి దీన్ని మొదలుపెట్టారు. ఎస్పెరాంతో అనే కృత్రిమ భాషలో ఫోర్జేయో అంటే కమ్మరి కొలిమి. ఏ వేదికనైనా ఎంచుకునే ముందు నేను సదుపాయాల పట్టిక చూడను. డొమైను, పేరు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తాను.

రెండేళ్ల కిందట ఇంట్లో ఒక పాత కంప్యూటర్ మీద సొంత ఫోర్జేయో కూడా పెట్టాను. ఒకే ఫైలు, ఎస్‌క్యూలైట్ డేటాబేసు, 1 జీబీ మెమరీ సరిపోయాయి. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ గిట్‌ల్యాబ్ కూడా ప్రయత్నించాను కానీ ఆ యంత్రం దాన్ని మోయలేదు. ఒకసారి డిస్కు పోయింది. రిపాజిటరీలకు (కోడు నిల్వలకు), డేటాబేసుకు బ్యాకప్ ఉంది, అమరికలుండే ఆప్.ఇని ఫైలుకు లేదు. రహస్య తాళంచెవి ఆ ఫైలులోనే ఉంటుంది. అది లేక రెండంచెల లాగిన్ ఎవరికీ పనిచేయలేదు, అందరికీ మళ్లీ మొదటి నుంచి అమర్చాల్సి వచ్చింది. సొంతంగా నడిపేవారు ముందు ఆ ఫైలునే దాచుకోండి.

కోడ్‌బర్గ్ స్వేచ్ఛా ప్రాజెక్టుల కోసమే, ప్రైవేటు రిపాజిటరీలకు అక్కడ పరిమితులున్నాయి. వుడ్‌పెకర్ అనే సాధనంతో కోడు పరీక్షలు నడపాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. నాకు నిజంగా లోటుగా తోచేది మనుషులు. కొత్తవారికి పాత వేదికలోనే ఖాతా ఉంటుంది, ఒక్క అక్షరం దిద్దడానికి ఇంకో ఖాతా తెరవరు. అందుకే పాతచోట ఒక ప్రతిని ఉంచాను, కోడ్‌బర్గ్ నుంచి దానంతట అదే తాజా అవుతుంది. ప్రాజెక్టు పరిచయ ఫైలైన రీడ్‌మీ మొదటి వరుసలో ఈమెయిలు చిరునామా పెట్టాను. దిద్దుబాట్లు ఎక్కువగా ఆ దారినే వస్తున్నాయి, పంపినవారి పేరుతోనే వాటిని చేరుస్తున్నాను.